ట్రేకి ఐదు ముక్కలు

కిందటి వారం మిమ్మల్ని మా వంటింటి వెనక గుమ్మం దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాను. ఏమీ అనుకోకండి, పత్రికవాళ్ళు ఇచ్చిన చోటు అంతే. నర్సు గ్రెచెన్ ఆ గుమ్మంలోంచి లోపలికి వచ్చి, "వెల్డా, నిన్న వండిన చికెన్ నగ్గెట్ల పెట్టె ఒకటి నాకు చూపించు" అన్నది అక్కడే. ఇరవై రెండేళ్ళుగా ఈ స్కూల్లో వడ్డిస్తున్నాను. పెట్టె చూపించమని మమ్మల్ని అడిగిన మనిషిని అంతకు ముందు చూడలేదు.

మధ్యలో వచ్చినవాళ్ళ కోసం జరిగింది మళ్ళీ చెబుతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మూడో తరగతి పిల్ల బ్రిన్లీకి ఆరో ఏట నుంచి చక్కెర జబ్బు. పూటపూటకూ ఇన్సులిన్ పడాల్సిన రకం. భోజనానికి ముందు నర్సు గదికి వెళ్తుంది. ఆ రోజు ట్రేలో పిండిపదార్థం ఎన్ని గ్రాములుందో చూసుకుని గ్రెచెన్ అంతకు తగ్గ మందు వేస్తుంది. ఆ లెక్క కాగితం మా వంటింటి నుంచే వెళ్తుంది. ఐదు వారాలుగా, నగ్గెట్లు పెట్టే ప్రతి బుధవారమూ, మధ్యాహ్నానికల్లా పిల్ల షుగర్ రెండొందల నలభై చూపిస్తోంది. మిగతా రోజుల్లో నూట అరవై ఐదు దాటదు. పక్కపిల్లల ట్రేల్లోంచి తీసుకుని తింటోందన్నారు. తినలేదంది. నమ్మలేదు. స్నేహితుల బల్ల నుంచి లేపి, గోడవారగా ఒంటరి బల్ల వేసి కూర్చోబెట్టారు. అయినా తగ్గలేదు. తల్లి పిల్ల సంచీ వెతికింది. ఏమీ దొరకలేదు. దాంతో పిల్ల ఒట్టి అబద్ధాలకోరు కాదు, తెలివైన అబద్ధాలకోరు అని తేల్చారు. వచ్చే సోమవారం నుంచి ఇంటి నుంచి తెచ్చిన డబ్బాతో నర్సు గదిలో తలుపేసుకుని తినాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి తల్లి షానా ఈ గురువారం రెండింటికి వస్తోంది.

ఇక వంటింట్లోకి రండి.

గురువారం మాకు చిల్లీ రోజు. చిల్లీ, అంటే మాంసం, చిక్కుడు గింజలు వేసి ఉడికించిన కారం కూర, పక్కన తియ్యటి దాల్చినచెక్క రోల్. ఆ రెండూ కలిపి ఎలా తింటారర్రా అని బయటి ఊళ్ళవాళ్ళు అడుగుతుంటారు. వాళ్ళ ఖర్మ. పిల్లలు తిని వెళ్ళిపోయారు, ట్రేలు కడిగే యంత్రం ఆగిపోయింది, వంటిల్లంతా వేడి పంచదార వాసన. ఒంటిగంటన్నర అయింది.

"పెట్టెతో నీకేం పని?" అంది వెల్డా, చేతులు తుడుచుకుంటూ. "ఫైలు ఉందిగా. అన్నీ అందులోనే ఉన్నాయి."

వెల్డా మా వంటింటి పెద్ద. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఆ ఫైలు గురించి ఒక మాట చెప్పాలి. ప్రతి ఆగస్టులో సరుకు లారీ మొదటిసారి వచ్చిన రోజున, వెల్డా ఒక్కో రకం అట్టపెట్టె మీది చీటీని కత్తితో నాలుగు వైపులా కోసి, ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, ఫైల్లో బిగిస్తుంది. ఎన్ని ముక్కలు పెడితే ప్రభుత్వం లెక్కలో రెండు ఔన్సుల మాంసం కిందికి వస్తుందో, పైన పట్టించిన రొట్టెపొడిలో ముడి గోధుమ ఎంతో, ఉప్పెంతో, కొవ్వెంతో అన్నీ ఆ చీటీ మీదే ఉంటాయి. రాష్ట్రం నుంచి తనిఖీకి వచ్చినావిడ కిందటేడు ఆ ఫైలుకు ఫొటో తీసుకుని మరీ వెళ్ళింది, మిగతా స్కూళ్ళకు చూపిస్తానని. అప్పట్నుంచి వెల్డాతో వేగలేకపోతున్నాం. అసలే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, ఇప్పుడా కుందేలుకు ఫొటో కూడా ఉంది.

"సరే, ఫైలే చూద్దాం" అంది గ్రెచెన్. మెల్లగా మాట్లాడుతుంది ఆ అమ్మాయి. గొంతు పెంచగా నేను వినలేదు.

వెల్డా కళ్ళజోడు పెట్టుకుని, వెతక్కుండానే ఆ పేజీ తీసింది. "ఇదిగో. నగ్గెట్లు. ఐదు ముక్కలు ఒక వడ్డన. మాంసం రెండు ఔన్సులు, ధాన్యం ఒక ఔన్సు. మాంసకృత్తులు పద్నాలుగు గ్రాములు. పిండిపదార్థం పదిహేను. ఉప్పు కూడా చదవనా?"

"వద్దు. ఈ చీటీ ఎప్పటిది?"

"ఆగస్టుది."

"నిన్నటి పెట్టెది?"

"అదే కంపెనీ, అదే పెట్టె, మీద అదే కోడి బొమ్మ. ఏం, కోడికి ఈకలు లెక్కపెట్టాలా?"

నేను నవ్వాను. గ్రెచెన్ నవ్వలేదు. "ఆర్డిత్, ఒక్క పెట్టె తెచ్చిపెడతారా?" అని నన్నడిగింది.

ఫ్రీజర్లోకి వెళ్ళి, పై వరసలోంచి ఒక పెట్టె దించి, స్టీలు బల్ల మీద పెట్టాను. గ్రెచెన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చీటీ వైపు ఆపింది. మీద పట్టిన మంచు మోచేత్తో తుడిచింది. తను చదవలేదు. పెట్టెను వెల్డా ముందుకు జరిపింది. అలా ఎందుకు చేసిందో అప్పుడు నాకర్థం కాలేదు, ఇప్పుడు తలుచుకుంటే గ్రెచెన్ మీద గౌరవం కలుగుతుంది. ఎవరి తప్పు వాళ్ళనే చదువుకోనిచ్చింది.

వెల్డా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"నాలుగు ముక్కలు" అంది చివరికి. "నాలుగు ముక్కలు ఒక వడ్డన. పిండి ఇరవై గ్రాములు."

"పెట్టె నంబరు చూడు" అన్నాను, భుజం మీంచి తొంగిచూస్తూ. "చివరి రెండంకెలు వేరు."

"కనబడుతోందే, నాకు కళ్ళున్నాయి."

సరుకు లారీ చీటీలన్నీ తలుపు వెనక ఒక కొక్కేనికి గుచ్చి ఉంటాయి. వెల్డా వాటిని ఒక్కొక్కటే వెనక్కి తిప్పుకుంటూ పోయి, అక్టోబరు మొదటి వారం దగ్గర ఆగింది. అడిగిన రకం లేదు, దాని బదులు ఇది పంపుతున్నాం అని చీమతలకాయంత అక్షరాలతో ఉంది. కింద వెల్డా సంతకం. ఆ ఉదయం లారీవాడు తొందరపెట్టాడు, బయట గాలి మనుషుల్ని ఎత్తుకెళ్ళేలా ఉంది, నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నాకూ గుర్తుంది.

"ముక్కలు లావుగా ఉన్నాయని మురిసిపోయాను కూడాను" అంది వెల్డా. "కంపెనీవాడికి ఇన్నాళ్ళకు దయ పుట్టిందనుకున్నా. లావైంది కోడి కాదన్నమాట. పైపూత."

"ముక్కకు ఐదు గ్రాములు" అంది గ్రెచెన్. "మీరు పెట్టేది ఎన్ని?"

"ఐదే. ఎప్పుడూ ఐదే" అంది వెల్డా. "నిద్రలో లేపి పట్టకారు చేతికిచ్చినా ఐదే వేస్తాం."

"అంటే ఇరవై ఐదు గ్రాములు. నాకొచ్చిన కాగితంలో పదిహేను. పది గ్రాములకు మందు పడటం లేదు."

వెల్డా కళ్ళజోడు తీసి ఏప్రన్ కొంగుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుని, పాల డబ్బాలు పెట్టే ప్లాస్టిక్ బుట్టను బోర్లించి దాని మీద కూర్చుంది. వంటింట్లో ఆమె కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి.

"నా తప్పు కూడా ఉంది" అంది గ్రెచెన్. "ప్రతి సోమవారం మీ కాగితం రాగానే కళ్ళు మూసుకుని నమ్మాను. పది అడుగుల దూరంలో పెట్టె ఉంది, వచ్చి చూడలేదు. పిల్ల సంచీ మాత్రం చూశాం."

నన్ను చూడాలి మీరు అప్పుడు. ఎంత సంతోషమో! "నేను మొదట్నుంచీ చెప్పలా?" అన్నాను. "ఆ పిల్ల అబద్ధమాడే పిల్ల కాదని చెప్పలా? పెద్దవాళ్ళంతా చేరి పసిదాన్ని గోడకు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చీటీ సరిగ్గా చదివే దిక్కు లేదు గానీ!"

"ఊరుకో ఆర్డిత్" అంది వెల్డా, తలెత్తకుండా. ఊరుకున్నాను, మనస్ఫూర్తిగా మాత్రం కాదు.

రెండు కావస్తుండగా షానా వచ్చింది. ఊరి చివర ధాన్యం గిడ్డంగి ఆఫీసులో పని చేస్తుంది. మొక్కజొన్న కోతల రోజులు, జాకెట్ నిండా దుమ్ము. నర్సు గదికి వెళ్ళబోతుంటే గ్రెచెన్ వంటింటి పక్కన భోజనాల హాల్లోకి పిలిచింది. పిల్లల బల్ల దగ్గర, ఆ పొట్టి స్టూళ్ళ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. వెల్డా మాత్రం నిలబడే ఉంది.

"నువ్వూ కూర్చో వెల్డా" అంది షానా.

"వద్దమ్మా. ఈ మాట నిలబడే చెప్పాలి." పెట్టె మీది చీటీ ఇందాకే కోసి తెచ్చింది. ఆగస్టు చీటీ పక్కన దాన్ని పెట్టింది. రెండు వేళ్ళతో రెండంకెలూ చూపించింది. లారీ చీటీ చూపించింది. తన సంతకం కూడా చూపించింది. సాకు ఒక్కటి చెప్పలేదు. లారీవాడి ఊసు లేదు, గాలి ఊసు లేదు. "నీ పిల్ల తప్పేమీ లేదు. తప్పు నాది" అని ఆగింది.

షానా ఆ రెండు చీటీలనూ దగ్గరికి లాక్కుంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"దాని పరుపు కింద వెతికాను" అంది. "బొమ్మల పొట్టలు నొక్కి చూశాను, లోపల చాక్లెట్లు దాచిందేమోనని. నా మొహంలోకి చూసి చెప్పు అన్నాను. చూసే చెప్పింది పాపం. నేనే నమ్మలేదు."

"నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు ఇదే బల్ల" అంది వెల్డా. "బఠాణీలు రుమాల్లో చుట్టి పారేసేదానివి. నేను చూసేదాన్ని, ఎవరికీ చెప్పేదాన్ని కాదు. నీ పిల్లకు నేను ఇలా చేస్తాననుకోలేదు షానా."

షానా ముక్కు తుడుచుకుంది. కాస్త నవ్వినట్టే ఉంది. "సరే, సోమవారం మాట మర్చిపోండి. రేపట్నుంచి దాని బల్లకు దాన్ని పంపించండి. ఇంతకంటే నాకేం వద్దు."

అక్కడితో అయిపోవలసింది. అయిపోతే మీకు ఈ వారం సుఖాంతం, నాకు ప్రశాంతంగా నిద్ర. కానీ గ్రెచెన్ లెక్క తేలేదాకా వదిలే మనిషి కాదు. బల్ల మీదున్న నవంబరు భోజనాల పట్టిక తిరగేసి, వెనక తెల్లవైపు పెన్నుతో రాయడం మొదలుపెట్టింది.

"ఒక్క నిమిషం. బ్రిన్లీ ఒంటికి ఒక గ్రాము పిండి ఎక్కువైతే షుగర్ ఐదు పాయింట్లు పెరుగుతుంది. డాక్టరు ఇచ్చిన లెక్కే ఇది. బుధవారాలు ఎంత ఎక్కువ ఉంటోంది? రెండొందల నలభైలో నూట అరవై ఐదు పోతే డెబ్బై ఐదు. అంటే పదిహేను గ్రాములు." పెన్ను ఆగింది. "మనకు దొరికినవి పది."

"కెచప్ అయి ఉంటుంది" అంది వెల్డా.

"అది లెక్కలో ఉంది. బన్ను ఉంది, పాలు ఉన్నాయి. ఐదు వారాలూ ఒకేలా వచ్చింది, అటూ ఇటూ పెద్దగా పోలేదు. ఐదు గ్రాములు మిగిలిపోతున్నాయి." మళ్ళీ పెట్టె చీటీ వైపు చూసింది. "ఒక్క ముక్క."

షానా మొహంలో వెలుగు పోయింది. "అయితే తీసుకుంటోందన్నమాటేగా. ఎవరి దగ్గరో ఒక ముక్క తీసుకుంటోంది. మొత్తం అబద్ధం కాకపోయినా..." అని ఆగిపోయింది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా కుడిచెయ్యి దానంతటదే ఏప్రన్ జేబులోకి వెళ్ళిపోయింది. పట్టకారు పట్టే చెయ్యి.

అక్టోబరు మొదట్లో ఒక రోజు. పిల్లలు ఆటస్థలం నుంచి లోపలికి వస్తున్నారు. బ్రిన్లీ వరసలోంచి పక్కకు జరిగి పాల ఫ్రిజ్ దగ్గరికి వచ్చింది. మొహం సున్నంలా ఉంది, పెదవులు వణుకుతున్నాయి. "మిస్ ఆర్డిత్" అని పిలిచి, అలాగే జారిపోయింది. నేల తగలకముందే పట్టుకున్నాను. పక్షిపిల్ల బరువు లేదు. ఇందాక వెల్డా కూర్చున్న బుట్టనే బోర్లించి కూర్చోబెట్టి, షుగర్ తగ్గిపోయి ఉంటుందని చాక్లెట్ పాలు ఒక డబ్బా, ఇంకో డబ్బా తాగించాను. పది నిమిషాలకు రంగు తిరిగింది. నర్సు దగ్గరికి పోదాం పద అంటే, నా ఏప్రన్ పట్టుకుని వద్దంది.

తర్వాతి బుధవారం ఆ పిల్ల ట్రే నా ముందుకు వచ్చినప్పుడు ఆ ఐదు ముక్కలూ నా కంటికి ఆనలేదు. ఇంత తిండితో మళ్ళీ పడిపోదూ అనిపించింది. పట్టకారు ఇంకోటి అందుకుంది. "ఇది మనిద్దరి మధ్యే" అన్నాను, కన్నుకొడుతూ. పిల్ల తలూపింది. ఆ తర్వాత ఏ బుధవారమూ ఆలోచించి వేయలేదు. చెయ్యి అలవాటు పడిపోయింది. గోడవార బల్ల దగ్గర మనిషిని పెట్టి, పిల్ల ట్రేలోకి ఎవరు చెయ్యి పెడతారా అని కాపలా కాశారు. ట్రే అక్కడికి చేరేసరికే దాన్నిండా నా మంచితనం ఉంది.

ప్రత్యేక ఆహారం ఉన్న పిల్లల ట్రేలో నర్సు చెప్పకుండా ఏదీ పెంచను, తగ్గించను అని ఆగస్టులో మేమంతా కాగితం మీద సంతకాలు పెట్టాం. వెల్డా తప్పు పొరపాటు. నాది ఉద్యోగం ఊడే తప్పు. అరవై మూడేళ్ళ మనిషిని, నాకీ హాలు తప్ప వేరే లోకం లేదు. ఇంకాసేపు నోరు మూసుకుంటే లెక్కలో ఐదు గ్రాముల తేడా ఎవరూ పట్టించుకోరేమో అని కూడా అనుకున్నాను. అనుకున్నానని సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

గ్రెచెన్ వెళ్ళి తరగతిలోంచి బ్రిన్లీని తీసుకొచ్చింది. రెండు జడలు, మోకాలి మీద పట్టీ, చేతిలో రబ్బరు ఇంకా అలాగే ఉంది. ముగ్గురు పెద్దవాళ్ళను చూడగానే అడుగు తడబడింది.

"భయపడకు తల్లీ" అంది షానా, దగ్గరికి లాక్కుని. "నీదేం తప్పు లేదు. మేమే లెక్క తప్పాం. ఒక్కటి మాత్రం నిజం చెప్పు. నగ్గెట్ల రోజు ఎన్ని ముక్కలు తింటావు?"

బ్రిన్లీ తల్లి వంక చూసింది. నేల వంక చూసింది. నా వంక మాత్రం చూడలేదు. చూడకూడదని పట్టుబట్టినట్టు, మెడ కూడా తిప్పలేదు.

"ఐదు" అంది.

"ఎవరైనా ఇంకోటి ఇచ్చారా?"

"లేదు."

షానా కళ్ళు మూసుకుంది. "బ్రిన్లీ. నా మొహంలోకి చూసి చెప్పు."

పిల్ల చూసింది. మూడు వారాలు గోడవంక తిరిగి ఒంటరిగా తిన్న పిల్ల. సంచీ వెతికినా, పరుపు వెతికినా పెదవి విప్పని పిల్ల. ఇంకొక్క అబద్ధం ఆడటానికి నోరు తెరిచింది, నా కోసం.

"ఆరు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. లేచి నిలబడ్డాను. మోకాళ్ళు పట్టేశాయి గానీ నిలబడ్డాను. "ఐదు కాదు, ఆరు. ఆరోది ఎవరి దగ్గరా తీసుకోలేదు, నేనే వేశాను. ప్రతి బుధవారం నేనే వేశాను. ఎవరికీ చెప్పొద్దన్నది కూడా నేనే. పిల్లను ఏమీ అనకండి."

"ఆర్డిత్!" అంది వెల్డా.

"ఎందుకు?" అంది షానా. గొంతులో కోపం కూడా లేదు.

"అది అలా పడిపోతే తట్టుకోలేకపోయానమ్మా. నా చేతుల్లోనే కదా పడింది. మళ్ళీ పడకూడదని వేశాను. ఒక్క ముక్కకు ఏమవుతుందిలే అనుకున్నాను."

గ్రెచెన్ పెన్ను బల్ల మీద పెట్టింది. మెల్లగా, ఎప్పటిలాగే మెల్లగా అడిగింది. "పడిపోయిందా? ఏ రోజు? నా దగ్గరికి ఎవరూ తీసుకురాలేదే."

షానా చెయ్యి పిల్ల భుజం మీద బిగుసుకుంది. నేను నోరు తెరిచాను గానీ, అంతకంటే ముందు బ్రిన్లీ ఏడుపు మొదలుపెట్టింది. ఇన్ని వారాల్లో ఆ పిల్ల ఏడవగా చూడటం నాకదే మొదటిసారి.

"నేను పడిపోయిన సంగతి చెప్పనని మాటిచ్చారు కదా, మిస్ ఆర్డిత్" అంది. "నేను మీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను."